పాత ఫిషింగ్ రీలులో కొత్త భాగాలు: ఏది మార్చాలి, మార్చాక ఎలా పరీక్షించాలి

చేప లాగినప్పుడు లైనును బిగపట్టి మెల్లగా వదిలే బ్రేకే డ్రాగ్. పాత రీలులో కొత్త డ్రాగ్ వాషర్లు, అంటే ఆ బ్రేకులో రాసుకునే బిళ్ళలు, వేశాక చాలామంది చేసేది ఒకటే. స్టార్, అంటే డ్రాగ్‌ను బిగించే నక్షత్రం ఆకారపు చక్రం, బిగిస్తారు, లైను చేతికి చుట్టుకుని లాగుతారు, కదలకపోతే బాగా కుదిరిందని సంతోషిస్తారు. సన్నటి పోగులతో అల్లిన బ్రెయిడ్ లైను అయితే ముందు తెగేది చెయ్యే. పోనీ చెయ్యి తెగకపోయినా, డ్రాగ్ ఎన్ని కిలోలు పట్టిందో తెలియదు. ఆ భారాన్ని లోపలి భాగాలు మోస్తాయో లేదో అసలే తెలియదు. అది నడిసముద్రంలో పెద్ద చేప పడ్డాకే బయటపడుతుంది.

ఇక్కడ చెప్పేది కన్వెన్షనల్ రీళ్ళ గురించి. రాడ్డు పైన కూర్చుని, లైను చుట్టుకునే స్పూలు అడ్డంగా తిరిగే రకం ఇది. పడవ వెనక ఎర లాగడానికీ, లోతులో గాలం దింపడానికీ వాడతారు. ఉదాహరణగా పెన్ జిగ్‌మాస్టర్ 500 తీసుకుంటున్నాను. ఒట్టో హెంజె 1932లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన కంపెనీ పెన్. దాని జిగ్‌మాస్టర్, సెనేటర్ రీళ్ళు దశాబ్దాల పాటు పెద్దగా మార్పు లేకుండా వచ్చాయి. అందువల్ల వాటికి విడిభాగాలు దొరుకుతాయి, మెరుగైన భాగాలు చేసే బయటివాళ్ళూ పుట్టుకొచ్చారు. కాలిఫోర్నియాలోని గ్లెన్‌డేల్‌లో కార్ల్ న్యూవెల్ పెన్ రీళ్ళకు గట్టి స్పూళ్ళు, బార్లు తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు. శాన్ డియాగో నుంచి రోజుల తరబడి ట్యూనా వేటకు వెళ్ళే పడవల మీద ఇలా మార్చిన రీళ్ళకు పెద్ద పీటే ఉంది. మన తీరంలో ఎక్కువమంది స్పిన్నింగ్ రీళ్ళే వాడతారు. కానీ అమెరికా నుంచి బావో అన్నయ్యో తెచ్చిచ్చిన పాత పెన్ రీలు మీ అటక మీద ఉంటే, దాన్ని వంజరానికీ ట్యూనాకీ పనికొచ్చేలా చేసుకోవచ్చు.

ముందు భారం ఏ దారిన పోతుందో చూడండి

చేప లైను లాగుతుంది. లైను స్పూలును తిప్పుతుంది. స్పూలు ఇరుసు పినియన్ అనే చిన్న గేరును, పినియన్ పెద్ద గేరును తిప్పబోతాయి. గేరు లోపల పేర్చిన డ్రాగ్ వాషర్లు ఆ కదలికను పట్టి ఉంచుతాయి. వాషర్లు పట్టుకునేది మధ్యలో ఉన్న స్లీవును, అంటే హ్యాండిల్ కూర్చునే గొట్టాన్ని. స్లీవు అడుగున రాట్చెట్ పళ్ళుంటాయి. ఆ పళ్ళలో ఇరుక్కుని వెనక్కి తిరగనివ్వకుండా ఆపే చిన్న ముక్కే డాగ్. డాగ్ బ్రిడ్జి అనే లోపలి లోహపు పలక మీద, బ్రిడ్జి పక్క ప్లేటు మీద, పక్క ప్లేటు బార్ల మీద, బార్లు రాడ్డుకు బిగించే స్టాండు మీద ఆధారపడతాయి.

ఇప్పుడు కొంచెం లెక్క. జిగ్‌మాస్టర్ గేరు నిష్పత్తి 4:1. స్పూలు మధ్య నుంచి లైను దాకా 3 సెంటీమీటర్లు, డ్రాగ్ 6 కిలోలు అనుకుందాం. స్పూలు దగ్గర మెలిక బలం 18 కిలో-సెంటీమీటర్లు. గేరు దగ్గరికొచ్చేసరికి అది నాలుగింతలై 72 అవుతుంది. రాట్చెట్ పళ్ళు మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నాయనుకుంటే, గోరంత డాగ్ మొన మీద పడేది 72 కిలోలు. డ్రాగ్‌ను 10 కిలోలకు పెంచితే అదే మొన 120 కిలోలు మోయాలి. మీరు మార్చింది వాషర్లనే కావచ్చు, కానీ భారం పెరిగింది అన్ని భాగాల మీదా.

ఈ లెక్క అర్థమైతే మిగతాదంతా సులువు. ఒక భాగం బలపరిస్తే దాని తర్వాత ఉన్న బలహీనమైన భాగం ఏదో వెతకాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ కాటాతో కొలవాలి. ఇంటికొచ్చిన కిట్టులో ఏడు భాగాలున్నాయి కదా అని ఏడూ ఒకేసారి వేసేస్తే, రీలు గరగరమన్నప్పుడు దేన్ని అనుమానించాలో తెలియదు.

విప్పకముందే కొలవండి

ఇప్పుడు రీలు ఎలా ఉందో తెలియకుండా విప్పితే, రేపు బాగుపడిందో పాడయిందో చెప్పలేరు. సామాన్లు తూచే డిజిటల్ హ్యాంగింగ్ కాటా ఒకటి కొనుక్కోండి. పీక్ హోల్డ్ ఉన్నది, అంటే లాగినప్పుడు వచ్చిన అత్యధిక అంకెను ఆపి చూపించేది, అయితే మరీ మంచిది. మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది, స్టార్ మామూలుగా బిగించినప్పుడు ఎన్ని కిలోల దగ్గర లైను కదలడం మొదలవుతుంది, కదిలాక ఎన్ని కిలోల దగ్గర నిలకడగా వస్తుంది. రెండోది, ఖాళీ స్పూలును ఫ్రీ స్పూల్‌లో, అంటే గేరు నుంచి విడదీసి, వేలితో గట్టిగా తిప్పితే ఎన్ని సెకన్లు తిరుగుతుంది. ఈ సెకన్లను వేరే రీలుతో పోల్చకండి, ఇదే రీలు రేపటి లెక్కతో పోల్చుకోవడానికి రాస్తున్నారంతే. మూడోది, హ్యాండిల్ నిదానంగా తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని వినండి. ప్రతి చుట్టులో ఒకే చోట టక్కుమంటే గేరు పన్ను ఒకటి దెబ్బతింది. చుట్టంతా గరగరలాడితే ఇసుకో ఉప్పో చేరింది.

విప్పడం

తెల్ల గుడ్డ పరవండి. పాత ఇడ్లీ ప్లేటు ఒకటి దగ్గర పెట్టుకోండి. స్క్రూలు తీసిన వరుసలో ఒక్కో గుంతలో వేస్తూ పోతే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. ఈ రీళ్ళలో స్క్రూల పొడవులు ఒకేలా ఉండవు. పొట్టి చోట పొడుగు స్క్రూ వేస్తే మొన అవతల కదిలే భాగానికి తగులుతుంది. ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీయండి.

స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిని నిండుగా ఆక్రమించాలి. సన్నది పెట్టి తిప్పితే గాడి చెడుతుంది, ఆ తర్వాత డ్రిల్లే గతి. ఉప్పు పట్టి బిగుసుకుపోయిన స్క్రూ మీద పెనెట్రేటింగ్ ఆయిల్ చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు స్క్రూడ్రైవర్‌ను కిందికి గట్టిగా అదిమి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పండి.

హ్యాండిల్ నట్టుకున్న చిన్న లాక్ స్క్రూ, నట్టు, హ్యాండిల్, స్టార్, దాని కింద స్పేసర్ వరుసగా వస్తాయి. తర్వాత కుడి పక్క ప్లేటు విప్పి, బ్రిడ్జిని పట్టి ఉంచిన స్క్రూలు తీయాలి. ఇక్కడ జాగ్రత్త. పినియన్‌ను పట్టుకునే యోక్ కింద రెండు స్ప్రింగులు, డాగ్ దగ్గర ఒక స్ప్రింగు ఉంటాయి. అవి ఎగిరి గదిలో ఎక్కడ పడ్డాయో దొరకవు. రీలునూ చేతులనూ పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి బ్రిడ్జి ఎత్తితే ఎగిరింది సంచిలోనే పడుతుంది.

లోహపు భాగాలు కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పక్క ప్లేట్లకు సబ్బునీళ్ళు చాలు. ప్లాస్టిక్ మీద ఎసిటోన్, థిన్నర్ పడనివ్వకండి. బాగా పాత రీళ్ళలోని ఫైబర్ డ్రాగ్ వాషర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని గీకడం, ఎమరీ పేపరుతో రుద్దడం, పొడి ఊదడం చేయకండి. తడిపి, సంచిలో వేసి మూతి కట్టి పక్కన పెట్టేయండి.

విడిభాగాలు తెప్పించేటప్పుడు పెన్ నంబర్లు తెలిసి ఉంటే పని తేలిక. నంబరులో గీతకు ముందున్నది భాగాన్ని, తర్వాతది మోడల్‌ను చెబుతుంది. 5 పెద్ద గేరు, 6 డ్రాగ్ వాషరు, 7 లోహపు వాషరు, 10 స్టార్, 13 పినియన్, 15 హ్యాండిల్, 29 స్పూలు. గీత తర్వాతి అంకె మీ రీలు పేరే కానక్కర్లేదు. చాలా రీళ్ళు ఒకే భాగాన్ని పంచుకుంటాయి కనుక మీ మోడల్ బొమ్మ చూసే ఆర్డరు పెట్టండి.

డ్రాగ్ వాషర్లు: అసలు పని ఇక్కడే

కార్బన్ ఫైబర్ వాషర్లు వేయడం ఈ రీళ్ళకు మీరు చేయగలిగిన అతి పెద్ద మేలు. పెన్ వీటిని హెచ్‌టీ-100 పేరుతో అమ్ముతుంది, బయటి కంపెనీలవీ ఉన్నాయి. పాత ఫైబర్ వాషరు నీళ్ళు తగిలితే ఒకలా, ఎండితే ఇంకోలా ప్రవర్తిస్తుంది. వేడెక్కితే జిగటగా పట్టేస్తుంది. కార్బన్ వేడిని ఓర్చుకుంటుంది, తడిసినా పెద్దగా మారదు.

పేర్చే వరుస తప్పితే ఎంత మంచి వాషరైనా వృథా. లోహపు వాషర్లు రెండు రకాలు. మధ్య రంధ్రం చదునుగా కోసి ఉన్నవి స్లీవుతో కలిసి తిరుగుతాయి. అంచున చెవులున్నవి గేరు గాడుల్లో కూర్చుని గేరుతో తిరుగుతాయి. ప్రతి కార్బన్ వాషరుకూ ఒక పక్క గేరుతో తిరిగేది, ఇంకో పక్క స్లీవుతో తిరిగేది ఉండాలి. జిగ్‌మాస్టర్‌లో గేరు అడుగున కార్బన్, దాని మీద స్లీవు వాషరు, కార్బన్, చెవుల వాషరు, కార్బన్, పైన మళ్ళీ స్లీవు వాషరు. దాని మీద గిన్నెలా ఉబ్బి ఉండే స్ప్రింగు వాషరు, స్పేసర్, స్టార్. రెండు స్లీవు వాషర్ల మధ్య కార్బన్ పెడితే ఆ కార్బన్ ఏ పనీ చేయదు, మూడింట ఒకటి పోయినట్టే. గేరు కింద, స్లీవు అంచు మీద ఇంకో వాషరు ఉంటుంది. అందరూ మర్చిపోయేది దీన్నే. గేరును పై నుంచి అదిమినప్పుడు కింది ముఖం కూడా రాసుకుంటుంది కాబట్టి అక్కడా కార్బన్ వేస్తే డ్రాగ్ మరికొంత పెరుగుతుంది, నున్నగానూ వస్తుంది.

కొత్త కార్బన్‌ను వంగిన పాత లోహపు వాషర్ల మధ్య వేయకండి. వాటిని అద్దం ముక్క మీద పెట్టి అంచున వేలితో నొక్కి చూడండి. టకటకా ఊగితే అది వంగింది, మార్చేయాలి. చదునుగా ఉండి తుప్పు మరకలు మాత్రమే ఉంటే 600 నంబరు ఎమరీ పేపరును అద్దం మీద పరిచి, నీళ్ళు చల్లి, వాషరును గుండ్రంగా తిప్పుతూ రుద్దితే సరిపోతుంది.

గ్రీజు వేయాలా వద్దా అనే వాదన ఎప్పుడూ ఉంటుంది. సముద్రంలో వాడే రీలుకు వేయాలనే నా మాట. కాల్స్ లాంటి, డ్రాగ్ కోసమే చేసిన గ్రీజును వేలితో కార్బన్ రెండు ముఖాలకూ రుద్ది, నేతలోకి ఇంకాక మిగిలింది గుడ్డతో తుడిచేయండి. వాషరు తడిగా మెరవాలి, గ్రీజు పేరుకుని ఉండకూడదు. గ్రీజు వల్ల గరిష్ఠ డ్రాగ్ కొంచెం తగ్గుతుంది. దానికి బదులు మొదటి కుదుపు తగ్గుతుంది, ఉప్పునీరు లోహపు వాషర్ల దాకా చేరదు. చేపలు ఎక్కువగా తెగిపోయేది ఆ మొదటి కుదుపులోనే. మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ మాత్రం వాషర్లకు తగలనివ్వకండి.

పేర్చాక మొత్తం ఎత్తు చూడాలి. కొత్త వాషర్లు పాతవాటికంటే పలచగా ఉంటే స్టార్ చివరిదాకా వెళ్ళి ఆగిపోతుంది కానీ డ్రాగ్ పూర్తిగా రాదు. అప్పుడు స్పేసర్ కింద పలచని షిమ్ వాషరు ఒకటి చేర్చాలి. మందంగా ఉంటే స్టార్‌ను ఎంత వదిలినా లైను స్వేచ్ఛగా రాదు. స్ప్రింగు వాషర్లు రెండుంటే వాటి ఉబ్బు వైపులు ఎదురెదురుగా ఉండేలా పెట్టండి, అంటే అంచులు కలిసి మధ్యలో ఖాళీ ఉండాలి, లేదా ఉబ్బులు కలిసి అంచులు విడిగా ఉండాలి. ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోతే స్టార్ కొంచెం తిప్పగానే డ్రాగ్ అమాంతం పెరిగిపోతుంది, సర్దుబాటుకు చోటుండదు.

డాగ్, స్లీవు

డాగ్‌ను వెలుతురులో పట్టుకుని మొన చూడండి. కొత్తదాని అంచు కత్తిలా ఉంటుంది. అరిగినది గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. రాట్చెట్ పళ్ళూ అంతే. గోరుతో పంటి అంచు మీద గీస్తే గోరు పట్టుకోవాలి. జారిపోతే స్లీవూ డాగూ రెండూ కలిపి మార్చండి. అరిగిన పళ్ళ మీద కొత్త డాగ్ పెడితే అదీ త్వరలోనే అరుగుతుంది.

పాత రీళ్ళలో స్లీవు ఇత్తడిది. హ్యాండిల్ కూర్చునే చదును ముఖాలు గుండ్రంగా మారి ఉంటే, హ్యాండిల్ కుదిరాక కూడా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. డ్రాగ్ పెంచదలచుకున్నవాళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు వేసుకోవడం మంచిది. నా లెక్కలో వాషర్ల తర్వాత డబ్బు పెట్టాల్సింది ఇక్కడే, మెరిసే ఫ్రేముల మీద కాదు. కొన్ని కిట్టుల్లో రెండో డాగ్ కూడా వస్తుంది. ఒకటి విరిగినా ఇంకోటి పట్టుకుంటుంది కాబట్టి వేయడం మంచిదే. దాని స్ప్రింగు సరిగా కూర్చుందో లేదో చూడండి. రెండు డాగ్‌లూ వేలితో ఎత్తి వదిలితే వాటంతటవే పళ్ళలో పడాలి. స్ప్రింగు బలహీనమైనా, చిక్కటి గ్రీజు అంటుకున్నా డాగ్ ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యంలో హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగితే వేళ్ళు విరుగుతాయి. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు, పెద్ద డ్రాగ్ మీద జరిగే ప్రమాదాల్లో ఇది ముఖ్యమైనది.

గేర్లు, స్పూలు, ఫ్రేము, మిగతావి

గేరూ పినియనూ ఎప్పుడూ జతగానే మార్చాలి. ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి అరిగిన పళ్ళు కొత్తదానితో కలవవు. ఉక్కు గేరు బలంగా ఉంటుంది, చప్పుడు కొంచెం ఎక్కువ. కంచు గేరు మెత్తగా తిరుగుతుంది. 6 కిలోల లోపు డ్రాగ్ వాడేవాళ్ళకు పళ్ళు బాగున్న కంచు గేరు చాలు. పినియన్‌కు స్పూలు ఇరుసు దూరే గాడి ఉంటుంది. దాని అంచులు గుండ్రంగా అరిగితే భారం పడ్డప్పుడు పినియన్ ఎగిరి ఫ్రీ స్పూల్‌లోకి జారిపోతుంది. చేప పరుగెత్తుతున్నప్పుడు ఇలా జరిగితే లైను చిక్కుపడి తెగడం ఖాయం. అందుకే ఈ గాడిని తప్పకుండా చూడండి.

ప్లాస్టిక్ స్పూలు ఉంటే అల్యూమినియందానితో మార్చండి. నైలాన్ మోనో లైను, అంటే ఒంటి పోగు లైను, సాగి, ఆ సాగిన స్థితిలోనే స్పూలు మీద చుట్టుకుంటుంది. తర్వాత కుంచించుకుపోతూ స్పూలు పక్క అంచులను బయటికి నెడుతుంది. అంచులు పగిలేది అందుకే. బ్రెయిడ్ వాడితే అంచుకూ పక్క రింగుకూ మధ్య సందు కూడా సన్నగా ఉండాలి, లేకపోతే లైను అందులో దూరుతుంది. బ్రెయిడ్ నున్నటి స్పూలు మీద జారుతుంది కాబట్టి అడుగున కొంత మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ ఎక్కించండి. జారే లైను మీద చేసిన డ్రాగ్ పరీక్ష అంతా తప్పుడు లెక్కే.

ఫ్రేము సంగతి. పక్క ప్లేట్లను కలిపే విడివిడి బార్లు పెద్ద భారం కింద మెలితిరుగుతాయి. ఒకే ముక్కలో కోసిన అల్యూమినియం ఫ్రేము అలా మెలితిరగదు. ఖరీదు ఎక్కువ కనుక ముందు పాత ఫ్రేముతోనే పరీక్ష చేసి, అవసరం అనిపిస్తేనే కొనండి. అల్యూమినియంలోకి స్టీలు స్క్రూ బిగించేటప్పుడు మరలకు మెరైన్ గ్రీజు పూయడం మర్చిపోవద్దు. రెండు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే తుప్పు తినేసి, ఆ స్క్రూ మళ్ళీ రాదు.

బేరింగుల గురించి ఒక్క మాట. సిరామిక్ బేరింగులు ఒడ్డు నుంచి దూరం విసిరేవాళ్ళకు. పడవ మీద గాలం దించేవాళ్ళకు మామూలు స్టెయిన్‌లెస్ బేరింగులో మెరైన్ గ్రీజు నింపి వేస్తే ఎక్కువకాలం వస్తుంది.

హ్యాండిల్ పొడవు పెంచితే తిప్పడం తేలిక. మీరు ఇచ్చే బలమే గేరు మీద ఇంకా ఎక్కువై పడుతుంది కాబట్టి, స్లీవు మార్చాకే పొడుగు హ్యాండిల్ వేయండి.

కాటా పరీక్ష

రీలును బిగించి లైను నిండుగా చుట్టండి. స్పూలు నిండి ఉన్నప్పుడు చేసిన కొలతే అసలు కొలత. ఎందుకంటే లైను బయటికి పోయేకొద్దీ స్పూలు వ్యాసం తగ్గి, స్టార్ ముట్టుకోకపోయినా డ్రాగ్ పెరుగుతుంది. వ్యాసం సగమైతే డ్రాగ్ రెట్టింపు. నిండు స్పూలు మీద 6 కిలోలు పెట్టినవాళ్ళకు సగం వ్యాసం దగ్గర 12 కిలోలు ఉంటుంది. పెద్ద చేప లైను ఖాళీ చేస్తుంటే భయపడి స్టార్ బిగిస్తారు చాలామంది. చేయాల్సింది కొంచెం వదలడం.

ఎంత పెట్టాలి? లైను తెగే బలంలో పావు నుంచి మూడో వంతు. 50 పౌండ్ల లైను అంటే సుమారు 22.7 కిలోలు. పావు 5.7 కిలోలు, మూడో వంతు 7.6 కిలోలు. ముడి దగ్గర లైను బలం తగ్గుతుందని గుర్తుంచుకుని పావు దగ్గరే మొదలుపెట్టండి.

మొదట డాగ్ పరీక్ష. రీలును వైస్‌లో బిగించండి, దవడల మధ్య చెక్కముక్కలు పెట్టి స్టాండును మాత్రమే పట్టించాలి. హ్యాండిల్ తీసేయండి, అప్పుడు డాగ్ జారినా తిరిగి కొట్టేది ఉండదు. స్టార్ బిగించి, లైను కొసను కాటా కొక్కేనికి కట్టి, మెల్లగా లాగుతూ మీరు వాడబోయే డ్రాగ్‌కంటే కొంచెం ఎక్కువ దాకా వెళ్ళండి. 6 కిలోలు వాడేవాళ్ళు 8 దాకా చూడాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. లైను గీత వెంట ఎవరూ నిలబడకూడదు. లాగుతున్నప్పుడే ఇంకొకరు స్పూలు అంచుకూ రింగుకూ మధ్య సందు చూడాలి. ఒక పక్క సందు మూసుకుపోతే ఫ్రేము వంగుతోందన్న మాట. ఫ్రేము కొనాలా వద్దా అన్నది ఇక్కడ తేలుతుంది.

తర్వాత డ్రాగ్ పరీక్ష. హ్యాండిల్ తిరిగి బిగించి, స్టార్‌ను ముందుగా వదులు చేసి, లైను నిలకడగా రావడం మొదలైన చోట స్టార్ మీదా పక్క ప్లేటు మీదా పెయింటుతో చుక్క పెట్టండి. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున బిగిస్తూ ప్రతిసారీ రెండు అంకెలు రాయండి, మొదలైనప్పటి పీక్, నడుస్తున్నప్పటి అంకె. రెండింటి తేడా పదో వంతు మించితే నేను మళ్ళీ విప్పుతాను. కారణాలు సాధారణంగా మూడే: వంగిన వాషరు, ఎక్కువైన గ్రీజు, స్లీవు మీద బిగుతుగా కదిలే వాషరు. పావు చుట్టుకు డ్రాగ్ సమంగా పెరగాలి. చాలాసేపు ఏమీ పెరగక ఒక్కసారిగా ఎగిరితే స్ప్రింగు వాషర్లు తప్పు పెట్టారు.

వైస్ దగ్గర లాగేది అర మీటరే. పరుగులో డ్రాగ్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఖాళీ మైదానమో ఇసుక తీరమో కావాలి. రీలును రాడ్డుకు బిగించి మీరు పట్టుకోండి. ఇంకొకరు కాటా పట్టుకుని యాభై అరవై మీటర్లు ఒకే వేగంతో నడవాలి. "బావా, ఆగొద్దు, కుదుపు లేకుండా నడువు, అంకెలు చెబుతూ ఉండు" అని ముందే చెప్పండి. ఆయన "ఆరు, ఆరు, ఆరూ పాయింట్ రెండు, ఆరు" అంటూ పోతే సంతోషించండి. "ఆరు, ఎనిమిది, అయిదు, ఏడు" అంటే డ్రాగ్ పట్టి వదులుతోంది, పడవ మీద ఆ రీలును నమ్మకండి. వెంటనే లైను చుట్టుకుని మళ్ళీ అదే దూరం, ఇంకోసారి అదే దూరం నడిపించండి. మూడోసారి అంకెలు మొదటిసారికి దగ్గరగా ఉంటే వేడి వల్ల ఇబ్బంది లేదు.

ఈ నడక పరీక్షలో రాడ్డును నిటారుగా కాక, చేపతో పోరాడే కోణంలో వంచి పట్టుకోండి. రాడ్డు గైడ్ల, అంటే లైను దూరే రింగుల, రాపిడి కలిసి అంకె నేరుగా రీలు నుంచి లాగినప్పటికంటే ఎక్కువ వస్తుంది. చేపకు తెలిసే బలం ఇదే కాబట్టి స్టార్ చుక్క ఈ కొలత ప్రకారం పెట్టుకోవాలి.

చివరగా రీలు మీద మంచినీళ్ళు బాగా చల్లి, డ్రాగ్ మళ్ళీ కొలవండి. గ్రీజు సరిగా పట్టిన కార్బన్‌లో తేడా పెద్దగా కనిపించదు. బాగా పడిపోతే గ్రీజు ఇంకని వాషరు ఏదో లోపల ఉంది. ఫ్రీ స్పూల్ సెకన్లు కూడా, లైను తీసి స్పూలు ఖాళీగా ఉన్నప్పుడు, మొదట రాసుకున్న కాగితంతో పోల్చి చూడండి. తగ్గితే స్పూలు పక్క బిగుతు ఎక్కువైంది, ఎడమ పక్క క్యాప్ కాస్త వదిలి, స్పూలు పక్కలకు వెంట్రుకంత కదిలేలా సర్దండి.

మొదటి ట్రిప్పు అయ్యాక

ఒడ్డుకొచ్చాక స్టార్ కొంచెం బిగించి, మంచినీటిని తుంపరగా చల్లి కడగండి. పైపు పెట్టి బలంగా కొడితే ఉప్పునీరు లోపలికి పోతుంది. తుడిచి ఆరనిచ్చి, స్టార్ పూర్తిగా వదిలేసి దాచండి. బిగించి దాస్తే వాషర్లు నొక్కుకుపోయి అతుక్కుంటాయి.

కొత్త భాగాలు వేసిన రీలును మొదటి ట్రిప్పు తర్వాత ఒకసారి విప్పి తీరాలి. గేరు పళ్ళ మధ్య గ్రీజును తెల్ల కాగితం మీద తుడవండి. బూడిద రంగులో ఉంటే మామూలే. బంగారు రంగు మెరుపులు ఎక్కువగా కనిపిస్తే గేరు పళ్ళు అరుగుతున్నాయి, పినియన్ జత కుదరలేదు. పళ్ళ మీద మెరిసే గీత పంటి మధ్యలో ఉండాలి, అంచున ఉంటే బ్రిడ్జి స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. డాగ్ మొనను మళ్ళీ గోరుతో గీయండి. ఒక్క ట్రిప్పుకే అది గుండ్రబడితే, స్లీవు మార్చేదాకా డ్రాగ్‌ను లైను బలంలో పావుకంటే కిందే ఉంచి వాడండి.